ముక్క తీసే తీగ

ఎనభయ్యో దశకం సగానికొచ్చిన రోజులు. నరసరావుపేట బస్టాండుకి ఎదురు సందులో నాకు వాచీల రిపేరు కొట్టు ఉండేది. కొట్టంటే పెద్దదేం కాదు. ఒక అద్దాల పెట్టె, దాని వెనక నేను కూర్చునే స్టూలు, తలమీద వేలాడే బల్బు. అందరివీ కీ ఇచ్చే వాచీలే కాబట్టి పనికి కొదవ ఉండేది కాదు. ఆడవాళ్ళ చిన్న వాచీలు బాగుచేయడంలో నాకు కాస్త పేరుంది. గురజాల నుంచీ అచ్చంపేట నుంచీ కూడా బస్సెక్కి తెచ్చేవాళ్ళు.

ఒకరోజు మధ్యాహ్నం మా ఊళ్ళో కొత్తగా ఆస్పత్రి పెట్టిన డాక్టరు గారు కొట్టుకొచ్చారు. చేతిలో ఆకుపచ్చ గుడ్డ చుట్టిన స్టీలు ట్రే. విప్పితే లోపల మనిషి నిలువు పొడుగున సన్నటి తీగ. సైకిలు బ్రేకు వైరులాగా చుట్టలు చుట్టలుగా ఉంది. ఒక కొసన బొటనవేలు పెట్టే రింగు. రెండో కొసన, కళ్ళు చికిలించి చూస్తే గానీ కనపడని రెండు చిన్న గిన్నెలు. రింగు ముందుకు నెడితే ఆ గిన్నెలు పిచ్చికపిల్ల నోరు తెరిచినట్టు తెరుచుకుంటాయి. వెనక్కి లాగితే మూసుకుంటాయి.

అదేమిటో ఆయనే చెప్పారు. నోట్లోనుంచి పొట్టలోకి దీపం ఉన్న గొట్టం దించుతారు. ఆ గొట్టం లోపల ఇంకో సన్నటి దారి ఉంటుంది. దాంట్లోనుంచి ఈ తీగ పంపి, లోపల పుండు ఉంటే అక్కడ నువ్వుగింజంత ముక్క కొరికి బయటికి తీస్తారు. దాన్ని గుంటూరు పంపితే అక్కడ సూక్ష్మదర్శిని కింద పెట్టి అది మామూలు పుండో, కేన్సరో చెబుతారు. ఇదివరకైతే పొట్ట కోసి చూడాల్సి వచ్చేదట.

గిన్నెలు రెండూ ఒక పిన్ను మీద ఆడతాయి. ఆ పిన్ను అరిగిపోయి ఒక గిన్నె వాలిపోయింది. కొత్త తీగ బొంబాయి నుంచి రావాలి, ఎన్ని నెలలు పడుతుందో తెలియదు.

"నీ చెయ్యి చిన్న పని మీద బాగా ఆడుద్దని విన్నా. ఒకసారి చూడు భాయ్" అన్నారు.

కంటికి అద్దం పెట్టుకుని చూశాను. పిన్ను తల వెంట్రుక కన్నా రవ్వంత లావు. రెండు రోజులు దానిమీదే కూర్చున్నాను. నా డబ్బాలో గడియారాల పిన్నులకు వాడే ఉక్కు తీగ ఉంది. దాన్ని అరగదీసి, పాత పిన్ను ఊడదీసి, కొత్తది బిగించి, కొస చదును చేశాను. మా వీధి చివర మాంసం కొట్టునుంచి మేక పొట్ట తెచ్చి ఆ తీగతో కొరికించి చూశాను. నువ్వుగింజంత ముక్క తీసి ఇచ్చింది.

డాక్టరు గారు తీసుకునేటప్పుడు ఒకటే అడిగారు.

"ఇది తుప్పు పట్టే రకం కాదుగా?"

"కాదు సార్" అన్నాను.

అది అబద్ధం. నాకు తెలుసు. ఉక్కు అన్నాక తడి తగిలితే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ తీగ అంత సన్నటిది నా దగ్గర లేదు. లేదని చెబితే ఆయన ట్రే మూసుకుని గుంటూరు వెళ్ళిపోతారనిపించింది. అంత పెద్ద డాక్టరు నా కొట్టుకి నడిచొచ్చాడన్న గర్వం నోటికి అడ్డం పడింది. పైగా ఎప్పటికైనా బొంబాయి నుంచి కొత్తది వస్తుందిగా, అందాకా ఆగదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కొత్తది రాలేదు. ఆ తీగతోనే ఆస్పత్రి నడిచింది. వీధిలో వాళ్ళు నన్ను డాక్టరు గారి మెకానిక్కు అనడం మొదలుపెట్టారు. నేనూ కాదనలేదు. వానాకాలం పోయింది, చలికాలం పోయింది, పిన్ను సంగతి మర్చిపోయాను.

మిరప కోతల కాలంలో మా అమ్మకు ముద్ద దిగడం మానేసింది. ఆమె కల్లాల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఏం తిన్నా ఏం తాగినా ఎవరికీ చెప్పే మనిషి కాదు. నా భార్యే కనిపెట్టింది. "అత్త అన్నం నీళ్ళల్లో పిసికి జావలాగా తాగుతుంది. అది కూడా గుటక గుటకకీ ఆగి ఆగి. నువ్వు చూడట్లా?" అంది. ఆ పూట దగ్గర కూర్చుని చూశాను. చిన్న ముద్ద నోట్లో పెట్టుకుని, ఛాతీ మీద పిడికిలితో రుద్దుకుంటూ, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా మింగుతోంది. రెండు నెలల నుంచీ అలాగే ఉందట. రవికె భుజాల మీదనుంచి జారుతోంది.

మర్నాడే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. మెడ నొక్కి చూశారు, పొట్ట నొక్కి చూశారు, బరువు చూశారు. ఎల్లుండి పొద్దున్నే పరగడుపున తీసుకురమ్మనీ, గొట్టం వేసి చూసి ముక్క తీద్దామనీ చెప్పారు. గుమ్మం దాకా వచ్చి నా భుజం తట్టారు.

"భయమెందుకు భాయ్? తీగ నీ చేతిదేగా."

అమ్మను రిక్షా ఎక్కించి ఇంటికి ఎలా చేరానో తెలియదు. తిన్నగా కొట్టుకి వెళ్ళి డబ్బా తెరిచాను. ఆ పిన్ను కోసిన ఉక్కు తీగలో మిగిలిన ముక్క అడుగున ఉంది. గోటితో గీకితే ఎర్రటి పొడి రాలింది. మూత పెట్టిన డబ్బాలో, ఒట్టి గాలి తగిలే ఇలా అయింది. రోజూ మందునీళ్ళలో నానేదీ, మనుషుల పొట్టల్లో పులుపులో మునిగి లేచేదీ ఎలా అయ్యుంటుంది?

ఇంట్లో అందరికీ భయమే. కానీ ఎవరి భయం వాళ్ళది. అమ్మకు గొట్టం అంటే భయం, ఊపిరాడదేమో అని. నా భార్యకు ముక్క అంటే భయం. పక్కింటి పిన్నమ్మ వచ్చి పుండును కదిలిస్తే రేగుద్దనీ, వాళ్ళ తోటికోడలి అన్నకు అట్టాగే ముక్క తీశాక మూణ్ణెల్లు కూడా బతకలేదనీ చెప్పిపోయింది. నేను అదేం లేదని వాళ్ళకు ధైర్యం చెబుతున్నాను. చెబుతున్నంతసేపూ నా కళ్ళ ముందు ఒకటే కదులుతోంది. అమ్మ గొంతులో, ఆ చీకట్లో, పిన్ను పుటుక్కున విరిగి గిన్నె ఊడి పడిపోవడం. లేకపోతే తెరుచుకున్న గిన్నె మూసుకోక, వెనక్కి లాగుతుంటే లోపలంతా చీరుకుంటూ రావడం. అన్నం ముందు కూర్చుంటే నాకూ ముద్ద దిగలేదు. నమాజులో నిలబడితే ఎన్ని రకాతులు చదివానో లెక్క తప్పింది.

అమ్మను గుంటూరు తీసుకుపోదామని నా భార్యతో అన్నాను. అక్కడ పెద్దాస్పత్రి, కొత్త సామాను ఉంటుందన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, "ఏంది, ఈ డాక్టరు గారే దేవుడన్నావుగా మొన్నటిదాకా. ఏమయింది?" అంది. మా అమ్మను తప్పిస్తాను, బాగుంది. రేపు ఆ బల్లమీద పడుకునేది ఇంకొకళ్ళ అమ్మ. ఆ మాట నాకు నేనుగా అనుకున్నది కాదు. నా భార్య చూపులోంచి వచ్చింది.

మర్నాడు కొట్టు తెరవకుండా ఆస్పత్రికి వెళ్ళాను. అక్కడ పనిచేసే సిస్టరు గురజాల వైపు అమ్మాయి, నన్ను అన్నా అని పిలిచేది. రేపు అమ్మకి గదా, ఒకసారి తీగ చూసుకుంటానని అడిగితే నవ్వుతూ తెచ్చిచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని కంటికి అద్దం పెట్టాను. పిన్ను చుట్టూ గోధుమరంగు ఉంగరంలాగా తుప్పు. మధ్యలో పిన్నును సగానికి సగం తినేసింది. రింగు లాగితే గిన్నెలు రెండూ కలుస్తున్నట్టే ఉన్నాయి గానీ, కలిసీ కలవకుండా పక్కకి జారుతున్నాయి.

"ఏముందన్నా?" అంది సిస్టరు. నా మొహం చూసి ఆమె నవ్వు ఆగిపోయింది. డాక్టరు గారిని పిలవమన్నాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నిలబడే చెప్పాను. ఇది ఉక్కు పిన్ను సార్, ఆ రోజు మీరడిగితే తుప్పు పట్టదన్నాను, తెలిసే అన్నాను అని. తిడతారనుకున్నాను. తిట్టలేదు. నా చేతిలోంచి అద్దం తీసుకుని తన కంటికి పెట్టుకుని చాలాసేపు చూశారు.

"నిన్న కూడా వాడాను దీన్ని" అన్నారు నెమ్మదిగా.

తీగను ట్రేలో పెట్టి నా వైపు తిరిగారు.

"ఈ మధ్య రెండు సార్లు గుంటూరు నుంచి ముక్క చాల్లేదని రాసొచ్చింది. పైపొరే వచ్చింది, లోపలిది రాలేదని. నా చెయ్యి సరిగా పడట్లేదేమో అనుకున్నా."

సిస్టరును రిజిస్టరు తెమ్మన్నారు. ఆ ఇద్దరిలో ఒకామె మందులతో నెమ్మదించి, తర్వాత కూడా వచ్చి చూపించుకుని వెళ్ళింది. రెండో అతను రొంపిచెర్ల రైతు. పుండులాగే ఉంది, మాత్రలు వాడి చూద్దామని పంపించారట. నెలన్నర అయింది, మళ్ళీ రాలేదు. డాక్టరు గారు అప్పటికప్పుడు కాంపౌండరును రొంపిచెర్ల బస్సెక్కించారు, ఆ రైతును వెంటబెట్టుకు రమ్మని. అంతా నా ముందే జరిగింది. పొమ్మని అంటే బాగుండునని ఉంది నాకు.

ఆయన బీరువాలోంచి ఒక చుట్ట తీసి నా ముందు పెట్టారు. విరిగిన ఎముకలు కట్టే స్టీలు తీగ.

"ఇది తుప్పు పట్టదు. దీంతో చెయ్యి. ఇక్కడే కూర్చుని చెయ్యి."

ఆ చుట్టను ఆయన వైపే జరిపాను. ఇంకెవరికైనా ఇవ్వండి సార్, నా వల్ల కాదన్నాను.

"ఇంకెవరున్నారు ఈ ఊళ్ళో?" అన్నారు. కోపంగా కాదు. నిజంగానే అడుగుతున్నట్టు అన్నారు.

కొట్టునుంచి సామాను తెచ్చుకుని ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాను. మొదటి పిన్ను లావయింది. రెండోది బిగిస్తుంటే పట్టకారులోంచి ఎగిరి ఎటు పోయిందో దొరకలేదు. మూడోది పట్టింది. కొస చదును చేశాను. మేక పొట్ట తెప్పించి డాక్టరు గారే తన చేత్తో కొరికించారు. ఒకటి కాదు, రెండు కాదు, కిటికీలో వెలుతురు పోయేదాకా. ప్రతిసారీ ముక్కను తెల్ల కాగితం మీద పెట్టి చూశారు. పిన్నును గోరుతో ఎత్తి చూశారు. మామూలుగా లాగేదానికన్నా గట్టిగా లాగి చూశారు. చివరికి, "నాకు నమ్మకం ఉంది. నీకు లేకపోతే ఇప్పుడే చెప్పు, మీ అమ్మను గుంటూరు పంపిస్తా" అన్నారు.

నమ్మకం లేదు. కానీ నాకు లేనిది పిన్ను మీద కాదు, నా మీద. ఆ మాట చెప్పడం ఎలాగో తెలియక, రేపు తీసుకొస్తానన్నాను.

పొద్దున్నే అమ్మ ముక్కుపుడక తీసి కోడలి చేతిలో పెట్టింది. ఆస్పత్రిలో గొంతు మొద్దుబారే మందు కొట్టి, ఎడమ పక్కకు పడుకోబెట్టి, పళ్ళ మధ్య అడ్డు పెట్టారు. నన్ను లోపలే ఉండమన్నారు. గొట్టం దిగుతుంటే అమ్మ చెయ్యి గాల్లో తడుముకుంది. వెళ్ళి పట్టుకున్నాను. ఆమె గోళ్ళు నా అరచేతిలో దిగాయి. డాక్టరు గారు గొట్టం పైకొసకి కన్ను పెట్టి చూస్తున్నారు. లోపల ఏముందో ఆయన ఒక్కరికే కనిపిస్తుంది. మాకు ఆయన మొహమే.

సిస్టరు తీగ లోపలికి పంపింది. తెరువమ్మా అని ఆమెతో అన్నారు డాక్టరు గారు. నెట్టింది. మూయి అన్నారు. లాగింది. మొదటి ముక్క వచ్చింది. సూదికొనతో తీసి సీసాలో వేశారు. రెండోది వచ్చింది. మూడోసారి మూయి అన్నాక సిస్టరు రింగు లాగింది. తీగ కదల్లేదు. మళ్ళీ లాగింది. తీగతోపాటు అమ్మ ఒళ్ళంతా ఒక్కసారి ఉలిక్కిపడింది.

"ఆగు. ఎవరూ లాగొద్దు" అన్నారు డాక్టరు గారు, కన్ను తీయకుండానే.

గదిలో చప్పుడు లేదు. అమ్మ గొంతులోంచి గురక మాత్రం వస్తోంది. విరిగింది, విరిగింది అనుకున్నాను. అమ్మను నా చేతులతో నేనే చంపుకున్నాననుకున్నాను.

"భాయ్, ఇటు రా. గిన్నె బాగా లోతుగా పట్టింది. నీ తీగ తీరు నీకు తెలుసు. సిస్టర్ చేతిలోంచి తీసుకో. మెల్లగా."

అమ్మ చేతిని విడిపించుకుని వెళ్ళాను. రింగులో బొటనవేలు పెట్టాను. వేలికి తెలుస్తోంది. పిన్ను విరగలేదు, గిన్నెలు దేన్నో గట్టిగా కరిచి పట్టుకున్నాయి. గడియారంలో మెలిపడ్డ హెయిర్ స్ప్రింగును, ఆ వెంట్రుకంత సన్నటి చుట్టను, విడదీసేటప్పుడు లాగకూడదు. దాన్ని అది వచ్చిన వైపుకే రవ్వంత పంపాలి. రింగును గింజంత ముందుకు నెట్టి ఆపాను. వేలి కింద పట్టు సడలింది. మళ్ళీ మూసి, వెనక్కి, వెనక్కి తీసుకొచ్చాను. తీగ కొస బయటికొచ్చింది. రెండు గిన్నెలూ ఉన్నాయి. మధ్యలో ఎర్రగా ముక్క.

డాక్టరు గారు ఇంకొకటి చాలన్నారు. అది సిస్టరే తీసింది. నేను గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాను. గొట్టం తీశాక అమ్మ దగ్గి, నోరు తుడుచుకుని, మాట పెగలని గొంతుతో నన్ను చూసి, "నీకేమయిందిరా, నువ్వట్టా ఉన్నావు?" అంది.

నాలుగు ముక్కలున్న సీసా నేనే గుంటూరు తీసుకెళ్ళాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. ఫిరంగిపురంలో ఎక్కినావిడ పక్కన కూర్చుని, ఏం మందు అని అడిగింది. కళ్ళల్లో వేసేదన్నాను. ఇంకో అబద్ధం. సీసా కదిలినప్పుడల్లా నువ్వుగింజలంత ముక్కలు తేలి మునుగుతున్నాయి. మా అమ్మ ఉంటుందో పోతుందో అందులో రాసి ఉంది, నాకు చదవడం రాదు.

రిపోర్టు రావడానికి వారం పట్టింది. ఆ వారంలోనే రొంపిచెర్ల రైతు వచ్చాడు. ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నాడు, యాభై దాటిన మనిషి, భుజాన తువ్వాలు. మాత్రలతో తగ్గినట్టే ఉంది, మళ్ళీ ఎందుకు పిలిచారో తెలియట్లేదని సిస్టరుతో అంటున్నాడు. నేను ఎదురుగా నిలబడలేక బయటికి వచ్చేశాను. ఆయనకీ ముక్క తీశారు.

అమ్మ రిపోర్టులో కేన్సరు లేదు. పులుపు పైకి తన్ని తన్ని పుండుపడి, మాని, ఆ మానిన చోట అన్నం దారి సన్నబడిందట. కొన్నాళ్ళపాటు వారానికోసారి రబ్బరు గొట్టాలు వేసి ఆ దారి వెడల్పు చేశారు. వేసవి వెళ్ళేసరికి అమ్మ గోంగూర కలుపుకుని ముద్ద తింది. నా భార్య పక్కింటి పిన్నమ్మకు వినపడేట్టు గట్టిగా ఏడ్చింది.

రొంపిచెర్ల రైతుది కేన్సరే. గుంటూరులో ఆపరేషను చేసి పొట్టలో చాలా భాగం తీసేశారు.

మా ఇంట్లో అందరి భయమూ పోయింది. నాది పోలేదు. ఆ నెలన్నరలో ఎంత పాకిందని డాక్టరు గారిని ఒకసారి అడిగాను. చెప్పలేమన్నారు. అప్పటికే ఎంతుందో ఎవరికి తెలుసు అన్నారు. ఆ తప్పులో నాకూ భాగముంది, ముక్క చాల్లేదన్నప్పుడే నేను మళ్ళీ పిలవాల్సింది అని కూడా అన్నారు. ఆ మాటకి నా బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. కొట్టు ముందు ఎవరు ఆగినా ఆ రైతు ఇంటివాళ్ళేమో అని తలెత్తి చూసేవాణ్ణి.

దసరా దాటాక ఆయనే వచ్చాడు. సగమయ్యాడు మనిషి. వాచీ ఆగిపోయిందని ఇచ్చాడు. నేనెవరో ఆయనకు తెలియదు, బస్టాండు దగ్గరని వచ్చాడంతే. వాచీ విప్పి చూస్తే దుమ్ము తప్ప ఏమీ లేదు. తుడిచి, నూనె వేసి, కీ ఇచ్చి చేతికిచ్చాను. లేవబోతుంటే ఆగమన్నాను. స్టూలు దిగి బయటికొచ్చి, ఆయన పక్కన బల్లమీద కూర్చుని, మొత్తం చెప్పాను. మొదటి అబద్ధం దగ్గర్నుంచీ.

ఆయన వాచీ చెవి దగ్గర పెట్టుకునే విన్నాడు. దాన్ని చేతికి కట్టుకుంటూ అడిగాడు.

"అయితే అది ముందే తెలిసుంటే నాకు నయమయ్యేదా సాయిబూ?"

"తెలియదు. డాక్టరు గారు కూడా తెలియదన్నారు."

"ఊఁ" అన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పకపోతే నాకసలు తెలిసేది కాదుగా."

అది మెచ్చుకోలో నిష్టూరమో నాకిప్పటికీ అర్థం కాలేదు. రొంపిచెర్ల బస్సు వచ్చేదాకా ఆ బల్లమీదే కూర్చున్నాం. బస్సు వస్తే లేచి వెళ్ళాడు.

ఆ తర్వాత ఆయన రెండు మిరప పంటలు చూశాడు. పోయాడని కబురు తెలిసి రొంపిచెర్ల వెళ్ళాను. వాకిట్లో జనం మధ్య ఆయన కొడుకు నా దగ్గరికొచ్చి, మీరెవరు, నాన్నకు ఎట్టా తెలుసు అని అడిగాడు. ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదని అప్పుడు అర్థమయింది. వాచీలు బాగుచేసే సాయిబునని చెప్పాను. ఆ అబ్బాయి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తాగి, మిగతాది చెప్పే ధైర్యం లేక, నడుచుకుంటూ బస్సు దగ్గరికి వచ్చేశాను.